అణ్ణాపిళ్లె వీధి శ్రీరాములు

పొట్టి శ్రీరాములు గురించి ఏ తెలుగు విద్యార్థిని అడిగినా రెండు ముక్కలు చెబుతారు. 58 రోజులు నిరాహార దీక్ష చేశారు, ఆంధ్ర రాష్ట్రం తెచ్చారు. పాఠ్యపుస్తకం కూడా దాదాపు అంతే చెప్పి, పేరుకు ముందు అమరజీవి అని చేర్చి పాఠం ముగిస్తుంది. ఆయన పుట్టిన ఊరేదని అడిగితే మాత్రం చాలామంది నెల్లూరు అంటారు. ఆ జిల్లాకు ఆయన పేరు పెట్టారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. నిజానికి ఆయన పుట్టింది మద్రాసులో. జార్జిటౌన్‌లో అణ్ణాపిళ్లె వీధి, 165వ నంబరు ఇల్లు. బడి చదువు సాగిందీ మద్రాసులోనే. చివరికి కన్ను మూసింది కూడా ఆ నగరంలోనే, మైలాపూరులో. ప్రాణం పెట్టి సాధించిన రాష్ట్రంలో ఈ రెండు చిరునామాల్లో ఒక్కటీ లేదు.

అందుకే ఆయన జీవితాన్ని ఈ పేజీలో రాస్తున్నాం. చిరునామా ప్రకారం చూస్తే శ్రీరాములు మనలాంటివారే, పొరుగు రాష్ట్రంలో స్థిరపడిన ఇంటి బిడ్డ. అణ్ణాపిళ్లె వీధిలో ఇవాళ ఓ తెలుగు పాప బడిలో చేరితే ఆమెను భాషా మైనారిటీ విద్యార్థిగా లెక్కిస్తారు. ఒక పెద్ద రాష్ట్రాన్ని చీల్చినప్పుడు గీత ఎక్కడ పడుతుంది, గీతకు అవతల ఉండిపోయినవారి సంగతేమిటి అన్న ప్రశ్న మనకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు. మన బడి ఉంటుందా, అందులో తెలుగు అయ్యవారు ఉంటారా అన్నదీ దానిలోదే.

శ్రీరాములు తల్లిదండ్రులు మహాలక్ష్మమ్మ, గురవయ్య. స్వగ్రామం అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. కరవు తరిమితే కుటుంబం మద్రాసు చేరింది. 1901 మార్చి 16న శ్రీరాములు పుట్టారు. ఆ రోజుల్లో తెలుగు పల్లెల నుంచి మద్రాసు వెళ్లడమంటే పరాయి చోటికి వెళ్లడం అనిపించేది కాదు. అది వారి రాజధాని. కోర్టు, యూనివర్సిటీ, అచ్చాఫీసులు, పత్రికలు, హోల్‌సేల్ దుకాణాలు అన్నీ అక్కడే. అసలు 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ తీరాన చోటు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడనే తెలుగు పాలకుడు. చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి నుంచి వచ్చిందని చెబుతారు. జార్జిటౌన్ వీధుల్లో తెలుగు, తమిళం, గుజరాతీ, ఉర్దూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగేవి. అలాంటి చోట పెరిగిన పిల్లవాడికి మద్రాసు తమది కాదని ఎవరైనా చెబితే ఎలా ఉంటుంది? ఆయన తర్వాతి పట్టుదలను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇరవై ఏళ్ల వరకు మద్రాసులో చదివి, బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు, పారిశుద్ధ్యం ఆ చదువులోని విషయాలు. తర్వాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగం. నాలుగేళ్ల దాకా ఆ కొలువు చేశారు. ఇంతలో భార్య చనిపోయారు, పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆయనకు అప్పటికి ముప్పై నిండలేదు. ఉద్యోగం వదిలేశారు. ఉన్న ఆస్తిని తల్లికీ అన్నదమ్ములకూ పంచి గుజరాత్‌లోని సబర్మతి ఆశ్రమానికి వెళ్లిపోయారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. గుజరాత్‌లో రాజకోట, కృష్ణా జిల్లాలో కొమరవోలు ఆశ్రమాల్లో గ్రామసేవ చేశారు. వ్యక్తి సత్యాగ్రహంలో, క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. స్వాతంత్ర్యోద్యమంలో వేలమంది కార్యకర్తల జీవితాలు ఇలాగే నడిచాయి కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తున్నాం. ఆయన్ను మిగతావారి నుంచి వేరుచేసే కథ నెల్లూరులో మొదలవుతుంది.

నెల్లూరులో అట్ట మెడలో వేసుకుని

పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే భాగం ఇదే. మాకు మాత్రం చివరి 58 రోజులతో సమానంగా కనిపిస్తుంది.

1946 మార్చిలో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నారు. గుడి తలుపులు తెరిచారు. అంతటితో ఆగకుండా అదే ఏడాది నవంబరులో మద్రాసు ప్రావిన్సులోని ఆలయాలన్నీ అందరికీ తెరవాలంటూ మరో దీక్ష మొదలుపెట్టారు. దేశానికి స్వాతంత్ర్యం రేపో మాపో అన్న సమయం అది. కాంగ్రెసు నాయకుల మనసంతా ఢిల్లీ మీద ఉంది. ఇప్పుడు ఈ గొడవ ఎందుకని వారు వారించారు. ఆయన వినలేదు. చివరికి గాంధీజీతో చెప్పిస్తే తప్ప దీక్ష విరమించలేదు. గాంధీజీకి ఆయన సేవ మీద గురి ఉండేది. మనిషి కాస్త వింత మనిషి అన్న అభిప్రాయమూ ఉండేది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. దాని వెనక ఎన్నో ఏళ్ల ఉద్యమం, ఎందరో మనుషుల శ్రమ ఉంది. శ్రీరాములు దీక్ష అందులో ఒక పాయ.

తర్వాత కూడా వదలలేదు. ప్రభుత్వోద్యోగులు వారంలో ఒక్క రోజైనా హరిజన సేవకు కేటాయించేలా ఉత్తర్వులు కావాలని మరోసారి అన్నం మానారు. నెల్లూరు వీధుల్లో హరిజనోద్ధరణ రాతలున్న అట్టను మెడలో తగిలించుకుని తిరిగేవారు. కాళ్లకు చెప్పులు లేవు, నెత్తిన గొడుగు లేదు. నెల్లూరు ఎండలు ఎలా ఉంటాయో అటువైపు బంధువులున్నవారికి తెలుసు. పిచ్చివాడని నవ్వినవారున్నారు. కులంతో పని లేకుండా ఎవరు పెట్టినా తిన్నందుకు సొంత కులంలో ముఖం తిప్పుకున్నవారున్నారు.

రాష్ట్రం కోసం చేసిన దీక్షను దీని తర్వాత చూస్తే అది కొత్తగా వచ్చిన ఆవేశం కాదని తెలుస్తుంది. గుడి తలుపుకు ఇవతల నిలబెట్టిన మనుషుల కోసం ఆయన మూడుసార్లు పస్తు పడుకున్నారు. అప్పటికి వారి కోసం దేశమంతా టెలిగ్రాములేమీ వెళ్లలేదు. ఊళ్లు మూతపడలేదు. ఆ దీక్షల్లో ఆయన చనిపోయి ఉంటే ఏ జిల్లాకైనా ఆయన పేరు పెట్టేవారా? సందేహమే.

పెద్ద ప్రావిన్సు, నాలుగైదు భాషలు

ఇప్పుడు రాష్ట్రం సంగతికి వద్దాం. బ్రిటిషువారు వదిలి వెళ్లిన మద్రాసు ప్రావిన్సు ఒక భాష మాట్లాడేవారి కోసం ఏర్పడింది కాదు. యుద్ధాల్లో గెలిచినవి, నిజాము నుంచి రాయించుకున్నవి, సంస్థానాధీశుల నుంచి లాక్కున్నవి అన్నీ ఒకచోట కుట్టిన బొంత అది. ఉత్తరాన తెలుగు జిల్లాలు, దక్షిణాన తమిళ జిల్లాలు, పడమట మలయాళం మాట్లాడే మలబారు, కన్నడం, తుళు మాట్లాడే దక్షిణ కన్నడ జిల్లా, తెలుగు కన్నడాలు కలిసిన బళ్లారి. 1936 దాకా గంజాం కూడా ఇందులోదే. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. భాష ప్రాతిపదికన మన దేశంలో ఏర్పడిన మొదటి ప్రావిన్సు అదే కాబట్టి, గీతకు అవతల పడటం ఎలా ఉంటుందో అందరికన్నా ముందు తెలిసిన తెలుగువారు గంజాం తెలుగువారే.

శ్రీకాకుళం రైతు హైకోర్టు కేసు కోసం సుమారు 900 కిలోమీటర్లు ప్రయాణించి మద్రాసు రావాలి. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో, నీటి పథకాల్లో తమ వాటా తమకు రావడం లేదని తెలుగు జిల్లాల్లో బలమైన అభిప్రాయం ఉండేది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకు, ఒకటి రాయలసీమకు అన్నది అందులో ముఖ్యమైన షరతు. అంటే రాష్ట్రం రాకముందే, వచ్చాక లోపల ఎవరికి ఏం దక్కుతుందన్న అనుమానం మొదలైందన్నమాట. పెద్దదాన్ని చీల్చాలన్న ప్రతి ప్రతిపాదన లోపలా ఇలాంటి ఇంకో చిన్న ప్రతిపాదన దాక్కుని ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ధార్ కమిషన్ వేశారు. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉంది, భాష పేరిట మళ్లీ చీలికలు వద్దని 1948 డిసెంబరులో అది చెప్పింది. వెంటనే కాంగ్రెసు జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యలతో ఇంకో కమిటీ వేసింది. ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ కమిటీ అన్నారు. 1949 ఏప్రిల్‌లో అది కాస్త తలుపు తెరిచింది. మిగతావి తర్వాత చూద్దాం, ఆంధ్ర విషయం ఆలోచించవచ్చు, అయితే తెలుగువారు మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలని తేల్చింది. అసలు ముడి పడింది ఇక్కడే.

న్యాయంగా చెప్పాలంటే తమిళుల వాదనలో బలం ఉంది. జనాభా లెక్కల్లో నగరంలో వారిదే ఆధిక్యం, చుట్టూ ఉన్న చెంగల్పట్టు జిల్లా వారిది. తెలుగువారి వాదన వేరే దారిలో నడిచింది. మూడు వందల ఏళ్లుగా తమ ధనం, తమ శ్రమ, తమ చదువు అంతా పోసి కట్టిన నగరాన్ని ఉత్త చేతులతో వదిలి ఎలా వెళ్తామని. ప్రకాశం పంతులు గారైతే ఈ విషయంలో మెట్టు దిగలేదు. 1949లో మద్రాసు ప్రభుత్వం వేసిన విభజన కమిటీలో ఆయన అసమ్మతి తెలపడంతో కథ మళ్లీ మొదటికి వచ్చింది. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 35 రోజుల తర్వాత వినోబా భావే విజ్ఞప్తి మీద విరమించారు. హామీలు వినిపించాయి, ఏమీ జరగలేదు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. తెలుగు జిల్లాల్లో ఆ పార్టీ బాగా దెబ్బ తింది. అయినా రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర కోరిక ఆయనకు బొత్తిగా గిట్టదు.

మైలాపూరు ఇంట్లో

1952 అక్టోబరు 19న శ్రీరాములు దీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడాలి, మద్రాసు మీద తెలుగువారి హక్కు నిలవాలి అన్నది కోరిక. కూర్చోవడానికి చోటు దొరకడమే కష్టమైంది. చివరికి బులుసు సాంబమూర్తి తన ఇల్లు ఇచ్చారు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు, 126వ నంబరు. సాంబమూర్తి అంటే ఎవరో కాదు, రాజాజీ మొదటిసారి మద్రాసును పాలించిన కాలంలో శాసనసభకు స్పీకరుగా పనిచేసినవారు. దీక్ష మొదలైన నాళ్లలో పెద్ద నాయకులు ఎక్కువమంది దూరంగానే ఉన్నారు. ఏడాది కిందట స్వామి సీతారాం దీక్ష విరమించారు, ఇదీ అలాగే ముగుస్తుందని చాలామంది అనుకున్నారు. శ్రీరాములు గతం తెలిసినవారు మాత్రం అలా అనుకోలేదు.

నవంబరు గడిచింది. తెలుగు జిల్లాల్లో సభలు, హర్తాళ్లు పెరిగాయి. ఢిల్లీకి టెలిగ్రాములు కుప్పలు పడ్డాయి. డిసెంబరు మొదటి వారంలో నెహ్రూ రాజాజీకి రాసిన ఉత్తరంలో ఈ దీక్షను పట్టించుకోదలచలేదన్న ధోరణే ఉంది. డిసెంబరు 12 నాటికి స్వరం మారింది. ఆంధ్ర కోరికను ఒప్పుకోవాల్సిన సమయం వచ్చిందని రాజాజీకి రాశారు. మద్రాసు నుంచి అందుకు బదులుగా ఏ ప్రకటనా రాలేదు. మూడు రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి, శ్రీరాములు చనిపోయారు. వయసు 51. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58.

ఎవరైనా అన్నం మానేసినంత మాత్రాన ప్రభుత్వం విధానం మార్చుకోకూడదన్న నెహ్రూ పట్టును మేము తేలిగ్గా కొట్టిపారేయలేం. రేపు ఇంకొకరు ఇంకో కోరికతో కూర్చుంటారు. అయితే ఇక్కడ కోరిక నలభై ఏళ్లుగా ఉంది. సభలు, తీర్మానాలు, కమిటీలు, ఎన్నికలు అన్నీ అయ్యాయి. పద్ధతి ప్రకారం అడిగినన్నాళ్లూ వాయిదా వేసి, చివరికి ఒక మనిషి చనిపోయాక నాలుగు రోజుల్లో ఇవ్వడం వల్ల దేశం నేర్చుకున్న పాఠం నెహ్రూ భయపడిన పాఠమే అయింది. తర్వాతి దశాబ్దాల్లో రాష్ట్రం కోసం దీక్షలకు కూర్చున్నవారందరికీ శ్రీరాములే నమూనా.

మరణవార్త తెలిసిన మరునాటి నుంచి తెలుగు జిల్లాలు అట్టుడికాయి. రైళ్లు ఆపారు, స్టేషన్లు తగలబెట్టారు, ప్రభుత్వ కార్యాలయాల మీద దాడులు జరిగాయి. అనకాపల్లి, శ్రీకాకుళం, నెల్లూరు పట్టణాలు రణరంగమయ్యాయి. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. జీవితమంతా అహింసను పట్టుకున్న మనిషి పేరిట ఇది జరిగింది. డిసెంబరు 19న నెహ్రూ లోక్‌సభలో ప్రకటన చేశారు. వివాదం లేని తెలుగు ప్రాంతాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుంది, అందులో మద్రాసు నగరం ఉండదు. శ్రీరాములు కోరిన రెండింట్లో ఒకటి దక్కింది.

గీత ఎక్కడ పడింది

జస్టిస్ కైలాస్‌నాథ్ వాంఛూ లెక్కలు వేయడానికి వచ్చారు. ఏ జిల్లా ఎటు, అప్పులు ఎవరికెంత, ఉద్యోగులు ఎటు, రాజధాని ఎక్కడ. ఒక రాష్ట్రాన్ని విడదీయడమంటే ఉపన్యాసాల తర్వాత మిగిలేది ఈ గుమాస్తా పనే. కొద్దికాలమైనా మద్రాసు నుంచి ఆంధ్ర ప్రభుత్వాన్ని నడుపుకోనివ్వాలన్న ఆలోచనకు కూడా రాజాజీ ఒప్పుకోలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా, 140 మంది సభ్యుల శాసనసభతో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. 11 జిల్లాలు, వాటితోపాటు బళ్లారి జిల్లా నుంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి. శ్రీబాగ్ మాట ప్రకారం రాజధాని రాయలసీమకు, హైకోర్టు కోస్తాలో గుంటూరుకు వెళ్లాయి.

బళ్లారి తాలూకా విషయం తేలక జస్టిస్ మిశ్రాతో మళ్లీ విచారణ చేయించి, చివరికి దాన్ని మైసూరుకు ఇచ్చారు. బళ్లారి తెలుగువారు ఒకే రోజున ఇల్లు కదలకుండా రాష్ట్రం మారారు. కోలారు ముందునుంచీ మైసూరులో ఉంది, అక్కడే ఉండిపోయింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు పల్లెలు సేలం జిల్లాలో భాగంగా మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. తిరుత్తణి ముందు ఆంధ్రలోకి వచ్చింది. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం వంటివారు ఉద్యమం నడిపారు. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న అది మద్రాసుకు వెళ్లింది, బదులుగా సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు వచ్చాయి. తిరుత్తణిలో ఆ రోజుల్లో బడికి వెళ్తున్న పిల్లలు మూడో తరగతి ఒక రాష్ట్రంలో, నాలుగో తరగతి ఇంకో రాష్ట్రంలో చదివారు. యానాం కథ వేరు, అప్పటికది ఫ్రెంచివారి చేతిలో ఉంది. షోలాపూరు నేతపనివారు, బొంబాయి మిల్లు కార్మికుల తెలుగు కుటుంబాలు బతుకుదెరువు కోసం వెళ్లినవారు. వారికి ఏ గీతతోనూ నిమిత్తం లేకుండానే మన సమస్య వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటుతో దేశమంతటా గేట్లు ఎత్తినట్టయింది. 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షుడిగా, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఏర్పడింది. 1955లో నివేదిక ఇచ్చింది. 1956 నవంబరు 1న దేశపటం మారి 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు వచ్చాయి. పణిక్కర్ ఒక్కరే విడిగా ఇంకో మాట రాశారు. దేశ జనాభాలో ఆరో వంతు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉంటే సమాఖ్యలో తూకం ఎలా నిలుస్తుందని ప్రశ్నించి, దాన్ని విడదీయాలన్నారు. అదే ఏడాది అంబేద్కర్ ఆ రాష్ట్రాన్ని మూడు చేయాలని, బిహార్‌ను, మధ్యప్రదేశ్‌ను చెరి రెండు చేయాలని ప్రతిపాదించారు. అక్కడ భాష తేడా లేదు, ఉన్నది సైజు సమస్య. 2000లో ఉత్తరాఖండ్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వచ్చాయి. 2011లో ఉత్తరప్రదేశ్‌ను నాలుగు చేయాలని ఆ శాసనసభే తీర్మానించినా అది కాగితం మీదే ఉంది. శ్రీరాములు సాధించిన రాష్ట్రమూ 1956లో తెలంగాణతో కలిసి పెద్దదై, 2014లో మళ్లీ రెండైంది.

ఈ వరుసలో మనకు నేరుగా తగిలే భాగం వేరే ఉంది. ఎంత జాగ్రత్తగా గీసినా ప్రతి గీతకూ రెండు వైపులా వేరే భాషవారు మిగులుతారని 1955 నాటి సంఘం గుర్తించింది. ఒక రాష్ట్రంలో 70 శాతానికి పైగా ఒకే భాషవారుంటే దాన్ని ఏకభాషా రాష్ట్రంగా చూడవచ్చని, 30 శాతం దాకా మైనారిటీ ఉంటే రెండు భాషల్లో పాలన సాగాలని సూచించింది. ఆ తర్వాతి ఏడాది రాజ్యాంగానికి చేసిన ఏడో సవరణలో రెండు అధికరణాలు చేరాయి. 350ఎ ప్రకారం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలి. 350బి ప్రకారం భాషా మైనారిటీల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలి. ఆ కార్యాలయం 1957లో మొదలైంది. మన బడులకు రాజ్యాంగంలో ఆధారం ఇదే. మద్రాసు దక్కని ఆంధ్ర రాకపోయి ఉంటే, దాని వెనక ఇన్ని రాష్ట్రాలు ఏర్పడకపోయి ఉంటే, ఈ రెండు అధికరణాలు రాయాల్సిన అవసరం అప్పట్లో ఎవరికీ తోచేది కాదు.

ఆ అధికరణాల్లో ఉన్నది ప్రయత్నించాలన్న మాటే కాబట్టి అమలు రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో మెట్టు ఎక్కి 2015-16లో పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ పిల్లలు పరీక్షల ముందు కోర్టు మెట్లెక్కి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాలి కూడా. అణ్ణాపిళ్లె వీధిలో పెరిగిన శ్రీరాములు చెవిన తమిళం పడకుండా ఉంటుందా? మన అభ్యంతరం తమిళం చేరడం మీద కాదు, దాని కోసం తెలుగును పక్కకు జరపడం మీద.

సాంబమూర్తి గారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు శ్రీరాములు స్మారక భవనం ఉంది. చెన్నై బడుల పిల్లలు వెళ్లి చూడవచ్చు. మిగతా చోట్ల ఉన్న ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు ఇంకో లెక్క కూడా చెబితే బాగుంటుంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ప్రకారం ప్రాథమిక బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే వారి మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలి. జూన్‌లో హాజరుపట్టీ తెరిచినప్పుడు తెలుగు మీడియం అడిగినవారి పేర్లు విడిగా రాసి, 10 దాటితే ఆ కాగితం ఒకటి జిల్లా విద్యాధికారికి, ఒకటి భాషా మైనారిటీల కమిషనర్‌కు పంపి రసీదు దాచుకోవాలి.